గాలాల దుకాణంలో కొట్లాట

గోదావరిఖనిలో గాలాలూ వలలూ అమ్మే దుకాణం ఒకటుంది. నేను గనిలో పనిచేసినన్నాళ్ళూ అక్కడ ఒక పెద్దాయన కూర్చునేవాడు. అందరం చాచా అనేవాళ్ళం. ఆయన దగ్గర గాలం కొనడమంటే పిల్లనడగడానికి పోయినట్టే, అన్ని ప్రశ్నలు. "ఏ షిఫ్టు?" అనేది మొదటిది. ఫస్ట్ షిఫ్టు వాళ్ళు సాయంత్రం నీళ్ళ దగ్గరికి పోతారు, నైట్ షిఫ్టు వాళ్ళు డ్యూటీ దిగి పొద్దున్నే పోతారు. ఆ వేళను బట్టి ఏ గాలమివ్వాలో ఆయనే తేల్చేవాడు. మనం అడిగింది మాత్రం చచ్చినా ఇచ్చేవాడు కాదు.

"నీకు పెద్ద గాలం ఎందుకు భాయ్? పొద్దుగాల ఒడ్డుకు వచ్చేటియి చిన్న జెల్ల చేపలే. గిది తీస్కపో."

"చేపలు పట్టేది నేను. నీకేంది చాచా?"

"ఖాళీ చేతులతోని వచ్చి మల్ల నా మీదనే ఒర్లుతవ్."

అరగంట కొట్లాడి, చివరికి ఆయన చెప్పిందే తెచ్చుకునేవాడిని. దారానికి ముడి కూడా తానే వేసి, పళ్ళతో బిగించి ఇచ్చేవాడు.

ఆయన పోయాడు. మా ఆవిడా పోయింది. రిటైరయ్యాక కంపెనీ క్వార్టర్ వదిలి ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఇప్పుడు రోజులకు రోజులు నా నోరు అన్నానికి తప్ప దేనికీ తెరుచుకోదు. నిజం చెప్పాలంటే చేపల మోజు ఎప్పుడో తీరింది. ఎవరితోనైనా నాలుగు మాటలు ఆడటానికే ఆ దుకాణానికి పోతున్నాను.

ఇప్పుడు చాచా కొడుకు కూర్చుంటున్నాడు. గాలాలన్నీ ప్యాకెట్లలో వేలాడుతుంటాయి, కావలసింది మనమే తెంపుకోవాలి. మొన్న వానలు తగ్గాక వెళ్ళి, గాలానికి ముడి వేసిమ్మన్నాను.

"కట్టుడు బంద్ జేసినం కాక. కట్టినయే వస్తున్నయ్, అటు సైడు చూడు," అన్నాడు ఫోన్లోంచి తల ఎత్తకుండా.

నాకు ఒళ్ళు మండింది. "దుకాణం నడిపే పద్ధతి గిదేనా? మీ నాయిన గిట్ల జేసిండా?" అని దులిపేశాను.

అతనికీ రోషమొచ్చింది. "మా నాయిన లెక్క ఒక్కొక్కరితోని గంట ముచ్చట పెడితే దుకాణం నడుస్తదా?"

ఇద్దరం గట్టిగానే అరుచుకున్నాం. పక్కనున్న పంక్చర్ షాపతను వచ్చి సర్దిచెప్పాడు. ఒక ప్యాకెట్ తెంపుకుని గదికి వచ్చాక చూసుకుంటే, ప్రాణం హాయిగా ఉంది. ఆ పూట అన్నం మారు వడ్డించుకుని తిన్నాను.

మర్నాడు అదే ప్యాకెట్ పట్టుకుని మళ్ళీ బయల్దేరాను. అనవలసిన మాటలన్నీ దారి పొడుగునా మనసులో పేర్చుకున్నాను. గాలం బాగానే ఉంది. అయినా మొన మొద్దుబారిందన్నాను.

అతను చూడనైనా లేదు. "సరే కాక, నిన్న నాదే తప్పు. వేరేది తీస్కో."

"అంటే, నేనేమన్నా సరేనా?"

"కస్టమర్‌తోని లొల్లి ఎందుకు కాక? నీకు ఏది నచ్చితే అది తీస్కపో."

ఎంతో మర్యాదగా అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. కాసేపు ఆ ప్యాకెట్ల ముందు నిలబడి, చేతికందినది తెంపుకుని మెట్లు దిగాను. అది వద్దు, ఇది తీస్కపో అని నన్ను ఆపే మనిషి ఈ ఊళ్ళో ఇక లేడు.