చదవకుండా వదిలేసిన అధ్యాయం

మొన్న మా సంతోష్‌నగర్ ఇంటి ఎదురు సందులో పందిరి వేసి మైకు పెట్టారు. ప్రవచనానికి ముందు శంఖం ఊదారు. ఆ మోత కిటికీలోంచి లోపలికి వచ్చేసరికి చేతిలో చాయ్ చల్లారిపోయేదాకా అలాగే కూర్చుండిపోయాను. మైకులో మాట్లాడే ఆయనకు మంచి గొంతే ఉంది. ధర్మం కోసం చంపితే పాపం కాదని దేవుడే చెప్పాడట, ఎంత తియ్యగా చెప్పుకొచ్చాడో. జనం చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఇంతకన్నా మంచి గొంతు నేను విన్నాను. అది మా ఇంటికి ఏం చేసిందో కూడా చూశాను.

ఆ గొంతు శేషయ్య పంతులుగారిది. మా చిన్నప్పుడు గౌలిపురలో మాకు బర్రెలుండేవి. రోజూ పొద్దున్నే ఆయన ఇంటికి పాలచెంబు నేనే తీసుకుపోయేదాన్ని. పాలోళ్ల పిల్లకు చదువెందుకని మావాళ్లే నవ్వుతుంటే, ఆయన నన్ను అరుగు మీద కూర్చోబెట్టి ఇసుకలో అక్షరాలు దిద్దించారు. మహా కోపిష్ఠి. తప్పు చదివితే ముక్కుపొడుం డబ్బీతోనే నెత్తి మీద మొట్టేవారు. సాయంత్రాలు బట్టల సేటు ఇంటి సావడిలో పురాణం చదివేవారు. పద్యం పాడి, అర్థం మన మాటల్లో విప్పి చెబుతుంటే గల్లీ అంతా కదలకుండా వినేది. ఆయనకొక నియమం ఉండేది. యుద్ధం ముగిశాక ఆడవాళ్లు రణరంగానికి వచ్చి, శవాల మధ్య తమవాళ్లను వెతుక్కుంటూ ఏడ్చే అధ్యాయం ఒకటుంది. ఇళ్లలో అది చదివితే అశుభమని నమ్మకం. ఆ పుటలన్నీ ఒక్కసారిగా తిప్పేసి, పట్టాభిషేకం దగ్గర మళ్లీ అందుకునేవారు. మేం హారతి కళ్లకద్దుకుని, ప్రసాదం శనగలు నములుకుంటూ ఇంటికి వచ్చేవాళ్లం.

జర్మనీవాడి లడాయి మొదలయ్యాక ఫౌజులోకి మనుషులను తీసుకునేవాళ్లు మా గల్లీల్లో తిరగసాగారు. సేటు ఫౌజుకు బట్ట సరఫరా చేసేవాడు. “పంతులుగారూ, ఈ నెలంత యుద్ధమే చదువుండ్రి. పిలగాండ్లకు జర జోష్ రావాలె” అన్నాడు. పంతులుగారు చదివారు. వెనకాడే యోధుడికి దేవుడు నచ్చజెప్పి విల్లు అందుకోమనే చోట ఆయన గొంతు లేచేది. మా పెద్దన్న మల్లయ్య ముందు వరుసలో నిటారుగా కూర్చుని వినేవాడు. పేరు రాయించుకుని వచ్చిన రోజు అమ్మ గుండెలు బాదుకుంది.

“ఏడుస్తవేందమ్మా? దేవుడే పొమ్మన్నడు గద” అన్నాడు అన్న.

అమ్మ నన్ను వెంటబెట్టుకుని పంతులుగారి ఇంటికి పరుగెత్తింది. “అయ్యా, మీరు జెప్తే ఇంటడు. వద్దని ఒక్కమాట చెప్పుండ్రి” అని కాళ్ల మీద పడబోయింది.

ఆయన చేతిలో డబ్బీ తిప్పారు. “ఉన్నదే చదివిన లచ్చమ్మా. శాస్త్రం పొమ్మన్నంక నేనెట్ల వద్దందును?” అన్నారు. ఆ మాటకు ఆ రోజు ఆయనంటే నాకు అసహ్యం వేసింది.

అన్న వెళ్లాడు. బర్మా వైపు ఎక్కడో పోయాడని తర్వాత ఫౌజు మనిషి వచ్చి చెప్పాడు. కాల్చుకోవడానికి శవమైనా దక్కలేదు. పలకరించడానికి వచ్చిన పంతులుగారు లోపలికి రాలేక గడప దగ్గరే నిలబడ్డారు.

“అయ్యా, లడాయి అయినంక ఆడోళ్లు ఏం జేసిన్రు? పుస్తకంల ఉన్నదా?” అని అడిగింది అమ్మ.

“ఉన్నది.”

“మరి మాకెన్నడు చదవకపోతిరి?”

“ఇంట్ల చదవరాదమ్మా. అశుభం.”

“నా ఇంట్ల ఇంకేం అశుభం గావాలె అయ్యా?”

ఆయన వెళ్లి పుస్తకం తెచ్చారు. మా ఇంట్లోనే, అన్న పడుకునే చోట కూర్చుని చదివారు. కొంతదూరం పోయి ఆగిపోయారు. పుస్తకం నా ముందుకు జరిపారు. మిగిలింది నేను కూడబలుక్కుంటూ చదివాను. అమ్మ కళ్లు తడవలేదు. “గిది ముందుగాల ఇంటె నా కొడుకు ఆగునేమో” అంది. ఆ తర్వాత పంతులుగారు సావడిలో యుద్ధం చదవలేదు.

కొన్నేళ్లకు లొల్లి మా పట్నంలోకే వచ్చింది. సంస్థానం ఉంటుందో పోతుందో తెలియదు. ఇటువాళ్లూ అటువాళ్లూ కర్రలు, కత్తులు దాచుకుంటున్నారు. మా తమ్ముడు యాదగిరి, వాడి దోస్తులు బజారులో దెబ్బకు దెబ్బ తీయాలని తయారయ్యారు. పోయేముందు దేవుడి మాట విని పోతామని సావడిలో చేరి పంతులుగారికి కబురు పెట్టారు. అమ్మకు మిగిలిన కొడుకు వాడొక్కడే. నేను దారిలో ఆయనకు అడ్డం నిలబడి వెళ్లొద్దన్నాను.

“నేను పోకుంటె ఇంకొకన్ని తెచ్చుకుంటరు బిడ్డా. మసీదు కాడి మౌల్వీసాబును గూడ ఆడి పిలగాండ్లు గిట్లనే అడుగుతున్నరంట. ఆయన గూడ ఏం చదవాల్నో దేవులాడుతున్నడు” అన్నారు.

అప్పుడే పొద్దు గూకింది. ఆయన యాదగిరిని దగ్గరికి పిలిచి కందిలి దీపం చేతికిచ్చారు. పురాణానికి దీపం పట్టినవాడు చదవడం అయ్యేదాకా కదలకూడదని అందరికీ తెలుసు. అప్పుడు పుస్తకం విప్పి, ఆడవాళ్ల ఏడుపు ఎత్తుకున్నారు.

“పంతులూ, పుట తప్పినవ్” అన్నాడొకడు.

“ఇయ్యాల తప్పలే. ఇన్నేండ్లు తప్పిన” అని, తల ఎత్తకుండా చదువుకుంటూ పోయారు. దోస్తులు తిట్టుకుంటూ ఒక్కొక్కరే లేచిపోయారు. యాదగిరి పళ్లు కొరుకుతూ నిలబడ్డాడు. అయినా చేతిలో కందిలి కింద పెట్టలేదు. పంతులుగారు ఒక్క పద్యం కూడా వదల్లేదు. ఆ సాయంత్రం బజారుకు పోయినవాళ్లలో ఇద్దరు తిరిగి రాలేదు. వాళ్ల చేతుల్లో ఎవరి పిల్లలు పోయారో మాకెవరూ చెప్పలేదు.

యాదగిరి బతికాడు. బతికించినందుకే పంతులుగారిని క్షమించలేదు. గల్లీలో వాడిని పిరికోడన్నారు. సేటు సావడి పంతులుగారికి మళ్లీ తెరుచుకోలేదు. ఒకసారి నేను ఆయనను సూటిగా అడిగాను, మన శాస్త్రం లడాయి చెయ్యమంటదా, వద్దంటదా అని.

“రెండూ ఉన్నయి బిడ్డా. నేను ఒక్కటే తీసి చదివిన. మల్లయ్య పోయింది దేవుని మాట ఇని గాదు, నా గొంతు ఇని” అన్నారు. ఆయన పోయిన రోజు యాదగిరి ఇంట్లో ఉండి కూడా లేచి రాలేదు.

అన్న ఏ రోజు పోయాడో మాకు తెలియదు. అందుకని ఏటా పెత్రమాసనాడు, పోయినవాళ్లందరినీ తలుచుకునే అమావాస్య రోజున, ఆ అధ్యాయం నేను చదువుతాను. బతికున్నన్నాళ్లూ అమ్మ ఎదురుగా కూర్చుని వినేది. యాదగిరి లోపలికి వచ్చేవాడు కాదు, అరుగు మీద అటు తిరిగి కూర్చునేవాడు. అమ్మ పోయిన ఏడు ఎదురుగా ఆమె చోటు ఖాళీగా ఉంది. సగంలో పుస్తకం మూయబోయాను.

“ఆపకు అక్కా” అని బయటి నుంచి యాదగిరి మాట వినిపించింది. “పోయినోళ్లు ఇంక మస్తుమంది ఉన్నరు.”

కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను.