సోమవారం పందెం

యలమందయ్య మైకు పట్టుకుంటే ఇక మైకుసెట్టు దండగ అని చిలకలూరిపేట చుట్టుపక్కల ఒక మాటుంది. గొంతు అలాంటిది. ఏ ఊళ్ళో బండలాగుడు పందెం పెట్టినా, ఎడ్ల జతలకంటే ముందు కమిటీ వాళ్ళు కబురు పెట్టేది ఆయనకే. వారంలో ఆరు రోజులూ ఆయన జిన్నింగు మిల్లులో లారీల మీంచి పత్తి బోరేలు దింపించే ముఠా మేస్త్రి. ఆదివారం వచ్చిందంటే మనిషి మారిపోతాడు. నెత్తిన తలపాగా, మెడలో ఈల, చేతిలో మైకు. "అదిగో అదిగో అదిగో! లేచిందయ్యా బండ!" అని అరిచాడంటే పక్క పొలంలో మిరపకాయలు కోసే ఆడవాళ్ళు కూడా ఒడి దులుపుకుని గట్టెక్కాల్సిందే. గోరంతని కొండంత చెయ్యడం ఆయన పుట్టుగుణం. ఒకసారి ఆఖరి స్థానంలో ఉన్న జతకి ఆయన చేసిన హడావుడి విని, గెలిచింది వాళ్ళేననుకుని జనం దండలు వేసేశారు. ఆ దండలు మళ్ళీ తీయించలేక కమిటీ వాళ్ళు నానా తంటాలూ పడ్డారు.

అలాంటి మనిషికి ప్రాణస్నేహితుడు జాన్ బాషా. మాటల్లో పిసినారి. పేటకి నాలుగు మైళ్ళ దూరంలో రావిగుంటపాలెంలో ఉంటాడు. ఎడ్లకి నాడాలు కొట్టడం వృత్తి, పందేల్లో జత తోలడం పిచ్చి. బండ వెయ్యి కిలోలైనా సరే, రెండు వేలైనా సరే, ములుకర్ర ముట్టకుండా నోటి అదిలింపుతోనే లాగించేవాడు. ముప్పై ఏళ్ళు తోలాడు. అన్నీ పరుల ఎడ్లే. సొంతానికి ఒక దూడ కూడా లేదు. పందెంలో రివాజు ఏమిటంటే, జత కాడి కట్టుకుని బరిలోకి రాగానే మైకులో యజమాని పేరు, ఊరి పేరు చదువుతారు. తోలేవాడి పేరు ఎవరూ చదవరు. యలమందయ్య కూడా చదవలేదు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా చదవలేదు.

రెండువేల నాలుగు ఫిబ్రవరిలో జాన్ బాషాకి అన్నం సహించడం మానేసింది. గుంటూరు తీసుకెళితే కడుపులో క్యాన్సరు, ముదిరిపోయింది అన్నారు. జాన్ బాషా భార్య రహమతున్నీసాని డాక్టరు పక్కకి పిలిచి, "మూడు నెలలమ్మా. ఇంటికి తీసుకెళ్ళి ఇష్టమైంది పెట్టండి" అన్నాడు. పక్కకి పిలిచినంత మాత్రాన జాన్ బాషాకి వినపడదా? డెక్క చప్పుడు విని ఎద్దు ఏ కాలికి నాడా వదులైందో చెప్పే చెవులాయె!

యలమందయ్యకి సోమవారం రెండో షిఫ్టు. పొద్దున్నే టీవీఎస్ బండేసుకుని రావిగుంటపాలెం వెళ్ళాడు. స్నేహితుణ్ణి వసారాలో మంచం మీద చూడగానే ఆ గొంతు, మూడూళ్ళకి వినపడే ఆ గొంతు, మూగబోయింది. పైపంచ నోట్లో కుక్కుకుని ఏడవడం మొదలెట్టాడు.

జాన్ బాషా చిరాకు పడ్డాడు.

"ఏరా, నేనింకా పోలేదు గదా? వచ్చినోళ్ళలో సగం మంది ఏడుపు మొహాలు. మిగతా సగం 'నీకేం బాషా, గుండ్రాయిలా ఉన్నావు' అని అబద్ధాలు. నువ్వూ అంతేనా? నిన్న పందెం ఏమైందో చెప్పు."

"పందెమా?"

"నిన్న సింగరాయకొండ దగ్గర నువ్వేగా మైకు? ఉన్నది ఉన్నట్టు చెప్పు. నా దగ్గర కోతలు కొయ్యమాక."

యలమందయ్య కళ్ళు తుడుచుకుని, ముక్కు చీదుకుని, కూర్చునే మొదలెట్టాడు. రెండో జతకి వచ్చేసరికి లేచి నిలబడ్డాడు. మూడో జతకి మంచినీళ్ళ చెంబు మైకైపోయింది. నాలుగో జత మలుపు తిరిగేసరికి పక్కింటివాళ్ళు ప్రహరీ ఎక్కారు. "పట్టింది పట్టింది పట్టింది! దాపటి గిత్త మోకాలు దిగింది! మళ్ళీ లేచింది, శభాష్!" జాన్ బాషా మోచేతి మీద లేచి కూర్చుని, "మోకాలు దిగిందంటే నాడా బాగలేదురా, ఎవడు కొట్టాడ్రా దానికి?" అని కోప్పడ్డాడు. ఆ పూట జాన్ బాషా ఉప్మా రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడని రహమతున్నీసా గుమ్మం దాకా వచ్చి చెప్పింది. "అన్నయ్యా, వచ్చే సోమవారం కూడా రా" అంది.

రాకుండా ఉంటాడా? మార్చి వెళ్ళింది, ఏప్రిల్ వెళ్ళింది. ఆదివారం పందెం, సోమవారం పందెం ముచ్చట. అది వినడానికి రావిగుంటపాలెం జనం సోమవారం పొలం పన్లు పది గంటలకి జరుపుకున్నారు. డాక్టరు చెప్పిన మూడు నెలలూ మే నెలతో అయిపోయాయి. జాన్ బాషా మాత్రం మంచం మీద కూర్చుని, "వచ్చే వారం ఆరు పళ్ళ విభాగం గదా, ఎవరెవరు దిగుతున్నారు?" అని అడుగుతున్నాడు. యలమందయ్య సంబరం ఇంతా అంతా కాదు. మిల్లులో లారీడ్రైవర్లని ఆపి మరీ చెప్పుకున్నాడు.

అప్పుడు వానలు పడ్డాయి.

తొలకరి పడితే పందేలు బంద్. ఎడ్లు దుక్కికి పోతాయి, మనుషులు పత్తి విత్తనాలకి, మిరప నారుకి పోతారు. మళ్ళీ పందెం అంటే పంటలు ఇంటికొచ్చాకే. జూన్ మొదటి సోమవారం యలమందయ్య బండి మీద పోతూ పోతూ కాలవ దగ్గర ఆగిపోయాడు. చేతిలో ఏమీ లేదు. ఒట్టి చేతులతో పోయి ఆ మంచం ముందు కూర్చుంటే జాన్ బాషా ఇక ఎందుకు లేచి కూర్చుంటాడు? అక్కడే గట్టు మీద కూర్చుని ఒక పందెం కల్పించేశాడు. ఊరు కల్పించాడు, జతలు కల్పించాడు, వాన పడితే జనం గొడుగులేసుకుని మరీ చూశారని కల్పించాడు. ఆ నోటికి అదెంత పని!

నాలుగు వారాలు నడిచింది. ఐదో వారం రెండు పళ్ళ విభాగంలో తాతపూడి తెల్ల గిత్తల్ని దింపి, బరిలో దుమ్ము రేపేస్తున్నాడు. జాన్ బాషా చెయ్యెత్తాడు.

"ఆగరా. తాతపూడి తెల్ల గిత్తలా?"

"అవే! ఆ మొదటి ఊపు చూడాల్సింది నువ్వు..."

"ఫిబ్రవరిలో నేను మంచం పట్టేముందు వాటికి నాడాలు కొట్టింది నేనే. అప్పటికే నాలుగు పళ్ళకొచ్చాయి. నోరు తెరిచి చూశా. ఇప్పుడు జులైలో రెండు పళ్ళ విభాగంలో ఎట్టా దిగాయిరా? పళ్ళు మళ్ళీ లోపలికి పోయాయా?"

గిత్తలకి వయసు లెక్కంతా పళ్ళతోనే. పళ్ళు పెరిగితే పై విభాగంలో దింపాల్సిందే. ఇది పందెం చూసే చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ముప్పై ఏళ్ళ మైకు యలమందయ్యకి తెలియదా? తొందరలో మర్చిపోయాడు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ప్రహరీ మీద జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"ఎన్ని వారాల నుంచి?" అన్నాడు జాన్ బాషా.

"ఐదు." యలమందయ్య చెంబు దించేశాడు. "పందేల్లేవురా. వానలు. నీకు చెప్పడానికి ఏం లేక... ఇక రావద్దంటే రాను."

జాన్ బాషా పైకప్పు వంక చూశాడు. మొహంలో కోపం కనపడింది, నిజం కోపం. తర్వాత అది ఎటో పోయింది.

"ఎదవా," అన్నాడు మెల్లగా. "కల్పించేవాడివి కల్పించావు. ఎవడి గిత్తలనో ఎందుకు దింపావురా? నన్ను దింపొచ్చుగా?"

యలమందయ్యకి ఒళ్ళు ఝల్లుమంది. చెంబు నోటి దగ్గరికి పోయింది. పైపంచ తలపాగా చుట్టుకున్నాడు.

"తర్వాత బరిలోకి వస్తున్న జత! రావిగుంటపాలెం వాస్తవ్యులు, షేక్ జాన్ బాషా గారి సొంత గిత్తలు!"

ప్రహరీ మీద ఈలలు, కేకలు. జాన్ బాషా సిగ్గుపడిపోయాడు. "గారేందిరా, గారు" అన్నాడు. దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు. దుప్పటి కింద ఆయన భుజాలు కదలడం అందరూ చూశారు.

ఆ వారం నుంచి చూడాలి రావిగుంటపాలెం వైభవం! లేని గిత్తలకి రంగులు కుదిర్చారు. కాడికి ఈ వైపు ఎలపటిది పాలకంకి తెలుపు, ఆ వైపు దాపటిది మచ్చ గిత్త. జాన్ బాషా తను తోలిన ఎడ్లన్నిట్లోంచీ దీని కొమ్ములు, దాని మూపురం, ఇంకోదాని పౌరుషం ఏరి ఏరి తెచ్చుకున్నాడు. కానీ ఉత్తపుణ్యానికి గెలవడం ఆయన ఒప్పుకోలేదు. "ఊరికే గెలిపించావంటే నీ మొహం చూడను" అన్నాడు. కాబట్టి ఒక పద్ధతి పెట్టుకున్నారు. మంచం మీంచి జాన్ బాషా తోలాలి: ఎప్పుడు పట్టాలో, ఎప్పుడు వదలాలో, మలుపులో ఏ గిత్తని ముందుకు పిలవాలో చెప్పాలి. అది విని, బండ ఎంత కదిలిందో యలమందయ్య న్యాయంగా చెప్పాలి. తప్పు తోలితే అడుగులు తగ్గుతాయి. ఎదురు జత సింగరాయకొండ వైపు బుడాన్‌ది. ఒకప్పుడు జాన్ బాషాకి సమానంగా తోలిన మొనగాడు, ఎప్పుడో పోయాడు. రహమతున్నీసా మొగుణ్ణి ఉడికించడానికి బుడాన్ పక్షం చేరింది. "మా బుడాన్ భాయ్ జతే గెలుస్తుంది, చూసుకో" అని రోట్లో పచ్చడి నూరుతూ అరిచేది. మొదట్లో మూడు వారాలు బుడాన్ గెలిచాడు, రెండు వారాలు జాన్ బాషా. జాన్ బాషా గెలిచిన రోజు వీధిలో బెల్లం పంచారు.

ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు. పత్తి మొదటి తీతకి వచ్చింది. జాన్ బాషా మాత్రం తగ్గిపోతున్నాడు. జావ తప్ప ఏదీ దిగడం లేదు. ముందు మాట తగ్గింది, తర్వాత వేళ్ళతో తోలడం మొదలెట్టాడు. ఒక వేలెత్తితే పట్టు, రెండెత్తితే వదులు. నవంబరు మొదటి సోమవారం ఆఖరి పందెం పెట్టుకున్నారు. బుడాన్ జత మూడు వేల నూట ఇరవై అడుగులు లాగేసి పక్కకి తప్పుకుంది. జాన్ బాషా జత మూడు వేలు దాటింది. ఇచ్చిన గడువులో ఇక ఒక్క నిమిషం ఉంది.

అప్పుడు యలమందయ్య స్నేహితుడి చేతి వంక చూశాడు. పట్టుకి ఎత్తిన వేలు ఇంకా దించలేదు. ఈ పందెం అయిపోతే వచ్చే సోమవారం దాకా ఈ మనిషి దేనికోసం ఉంటాడు?

"ఆఖరి నిమిషం... వచ్చే సోమవారం!" అనేసి చెంబు కింద పెట్టాడు.

ఊరు ఊరంతా గగ్గోలు పెట్టింది. తిట్టారు, బండి తాళం దాచారు. జాన్ బాషా పళ్ళు కొరికాడు. కానీ వచ్చే సోమవారానికి ఉన్నాడు! కళ్ళు తెరుచుకుని, గేటు వంకే చూస్తూ ఉన్నాడు. ఆ వారం బండ తొంభై అడుగులు కదిలింది, నిమిషం మాత్రం అయిపోలేదు. ఆ పై సోమవారం పది అడుగులు కదిలింది. యలమందయ్య టీవీఎస్ మీద తిరిగి వస్తూ తనలో తనే నవ్వుకున్నాడు. ఇలా అడుగు అడుగు చొప్పున వచ్చే ఉగాది దాకా లాగిస్తా, చూసుకోండి అనుకున్నాడు.

ఆ తర్వాత సోమవారం చెంబు ఎత్తబోతుంటే జాన్ బాషా చెయ్యూపి దగ్గరికి పిలిచాడు. యలమందయ్య చెవి ఆయన నోటి దగ్గర పెట్టాడు.

"ఒక్క నిమిషాన్ని మూడు వారాలు లాగావురా," అన్నాడు జాన్ బాషా. "గిత్తలకి నోట నురగ కారుతోంది. కాడి విప్పెయ్."

"ఇంకొక్క వారంరా. ఒక్కటే. నాకోసం."

"అవి నీ గిత్తలు కాదు. నా గిత్తలు. నా గిత్తల్ని అట్టా హింస పెట్టనివ్వను."

యలమందయ్యకి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఏడుస్తూనే లేచి నిలబడి, జేబులోంచి ఈల తీసి, బలమంతా పెట్టి ఊదాడు. వాకిట్లో ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి లేని టేపుతో కొలిచాడు. జనం గోడల మీద, అరుగుల మీద, బిగుసుకుపోయి చూస్తున్నారు.

"రావిగుంటపాలెం వాస్తవ్యులు షేక్ జాన్ బాషా గారి జత లాగిన దూరం... మూడు వేల నూట పదిహేడు అడుగులు! మూడడుగుల తేడాతో బుడాన్ జత విజయం!"

"కాదు! కొలత తప్పు! మళ్ళీ కొలవండి!" అని అరిచింది రహమతున్నీసా. పచ్చడి చేతులతోనే వాకిట్లోకి వచ్చేసింది. ఆమె వెనక వీధంతా అరిచింది. జాన్ బాషా నవ్వుతున్నాడు. ఆ ఎముకల మొహం నిండా నవ్వే. న్యాయంగా ఓడిపోయాడు, సొంత జతతో ఓడిపోయాడు. విప్పమని వేలు చూపించాడు.

యలమందయ్య వాకిలి మధ్యకి పోయి వంగాడు. ముందు ఎలపటి గిత్త మెడ పట్టెడ విప్పాడు, తర్వాత దాపటిది. కాడి కిందికి దించాడు. రెండిటి వీపూ నిమిరి, పగ్గాలు పట్టుకుని గేటు వైపు నడిచాడు. గేటు దగ్గర నిలబడ్డ జనం పక్కకి జరిగి వాటికి దారి ఇచ్చారు.

జాన్ బాషా ఇంకా మూడు రోజులే ఉంటాడని అప్పుడు ఎవరికీ తెలియదు. ఆయన గేటు దాకా గిత్తల్ని చూశాడు. తర్వాత పెళ్ళాం వైపు తిరిగి, "బాగా అలిసిపోయాయి, కుడితి పెట్టు" అన్నాడు.

రహమతున్నీసా చేతులు కడుక్కుని, కుడితి కలపడానికి లోపలికి వెళ్ళింది.