అరవై దాటితే వణికే స్టీరింగు

అరవై దాటితే స్టీరింగు వణుకుతోందని నేను చెబితే ఆదోనిలో ఎవరూ నమ్మలేదు. అందరికన్నా ముందు నమ్మననింది మా సావుకారు. ఆయనకు కారు నడపడమే రాదు. వెనక సీట్లో కూచున్న మనిషికి స్టీరింగు కనపడదు, దాని మీద ఉన్న చేతులే కనపడతాయి. ఆయన నా చేతులను చూశాడు, నా చేతుల మీదనే తీర్పు చెప్పాడు. ఇన్నేళ్లయినా ఆ సంగతి తలచుకుంటే నోరు చేదవుతుంది.

మాది ఎమ్మిగనూరు, నేత పని ఇల్లు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూచుని పొద్దస్తమానం పోగుల మధ్య నాడె విసిరే బతుకు నాకు వద్దనిపించింది. ఆదోనికి వచ్చి, లారీల వెంట తిరిగి డ్రైవింగు నేర్చుకున్నాను. డెబ్బయ్యో దశకం చివర్లో ఒక పత్తి సావుకారు ఇంట్లో అంబాసిడర్ కారుకు డ్రైవరుగా కుదిరాను. మా నాన్నకు అది నచ్చలేదు. మగ్గం వదిలిన వాడు మళ్లీ మగ్గం దగ్గరికే వస్తాడని అందరితో అనేవాడు. నేను రానని పంతం పట్టాను. ఆ కారు చేతిలో ఉన్నన్నాళ్లే నా పంతం నిలిచేది.

ఏడాదికి ఒక్క పూట మాత్రం మా నాన్న నన్ను వదిలేవాడు కాదు. ఆయుధపూజ నాడు ఎవరి పనిముట్టుకు వాళ్లు మొక్కాలి. కంసాలి సుత్తికి, లారీవాడు లారీకి, మేము మగ్గానికి. నా పనిముట్టు కారు కదా అంటే ఆయన ఒప్పుకునేవాడు కాదు.

"అది సావుకారుదిరా. నీది ఇదే" అని మగ్గం చూపించేవాడు.

అందుకని ఏటా ఆ పండక్కి నేను ఎమ్మిగనూరులో మగ్గం ముందర చేతులు కట్టుకుని కూచునేవాణ్ణి. నా కారుకు పసుపు పూసేది సావుకారు తల్లి. ఆ ఇంట్లో నన్ను మనిషిగా చూసింది ఆమె ఒక్కతే. నేను అన్నం తినకుండా బండి తీస్తే ఊరుకునేది కాదు. అవ్వా అని పిలిచేవాణ్ణి.

ఆ ఏడు పండగ చేసుకుని తిరిగొచ్చేసరికి కారుకు ముందర రెండు కొత్త టైర్లు ఉన్నాయి. నేను లేనప్పుడు సావుకారు అల్లుడు బళ్ళారికి తీసుకుపోయి వేయించుకొచ్చాడట. చక్రాల నిండా పసుపూ కుంకుమా దట్టంగా పూసి ఉన్నాయి. టైర్లు చూసి నేను సంతోషించాను కూడా.

ఆ రోజే సావుకారును ఎక్కించుకుని ఎమ్మిగనూరు రోడ్డు పట్టాను. జిన్నింగు మిల్లులు దాటాక నల్లరేగడి చేల మధ్య రోడ్డు తిన్నగా పోతుంది. యాభై దాకా బండి బాగానే ఉంది. అరవై తాకగానే స్టీరింగు నా చేతుల్లో జల్లెడ ఆడినట్టు ఆడింది. వేగం తగ్గిస్తే ఆగిపోతుంది, పెంచితే మళ్లీ మొదలు. గట్టిగా పట్టుకున్న కొద్దీ మోచేతుల దాకా వణుకు పాకింది.

"ఏమప్పా, పండక్కి బాగా ఏసినావే" అన్నాడు సావుకారు వెనక నుంచి.

నేను సారా ముట్టను. ఆ మాటే చెప్పాను, వణికేది స్టీరింగు అని కూడా చెప్పాను. ఒకసారి ముందు సీట్లోకి వచ్చి చెయ్యి పెట్టి చూడమని బతిమాలాను. క్లీనరు కూచునే సీట్లో ఆయన కూచుంటాడా? ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందని నవ్వి, కళ్లు మూసుకున్నాడు.

తర్వాత వచ్చిన గురువారం అవ్వను మంత్రాలయం తీసుకుపోయాను. ఆ దారిలోనూ అంతే. ఆమె చాలాసేపు నా చేతులను చూసి, భయపడొద్దు, ఈ పొద్దుతో అంతా పోతుందని చెప్పింది. దేవుడికి మొక్కుకుంటుందేమో అనుకున్నాను. నా తరఫున మొక్కేవాళ్లు ఒకరైనా ఉన్నారని ధైర్యం వచ్చింది. తిరుగు దారిలో మాత్రం ఏమీ పోలేదు.

మరుసటి రోజు కారును మేస్త్రి దగ్గర పెట్టాను. ఆయన ముందు భాగం జాకీ మీద లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపి చూశాడు. పక్కలకు ఊపి చూశాడు. బేరింగులు చూశాడు, స్టీరింగు కడ్డీల కీళ్లు చూశాడు. ఎక్కడా వదులు లేదు. ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకు మార్చి నడిపి చూద్దామన్నాను. చక్రాల్లో తప్పుంటే వణుకు స్టీరింగు వదిలి వెనక సీటు కిందికి పోతుంది, సావుకారుకే తెలుస్తుంది. మేస్త్రికి సబబే అనిపించింది గానీ, సావుకారు కొత్త టైర్లు వెనక వేసేదేమిటని కసిరాడు. మేస్త్రి నా ముఖం చూసి పానాలు సర్దుకున్నాడు.

చివరికి అల్లుడే కారు నడిపి చూస్తానన్నాడు. ఆయన ఎప్పుడూ నలభై దాటి ఎరగడు. ఆ రోజూ దాటలేదు. వచ్చి, కారు పువ్వులాగా ఉందన్నాడు.

దాంతో సావుకారు నన్ను వరండాలో నిలబెట్టాడు. నిండా మజ్జిగ పోసిన లోటా తెమ్మని అవ్వకు చెప్పాడు. అది చేత్తో పట్టుకుని ఒలక్కుండా నిలబడితే నేను నిఖార్సయిన డ్రైవరునట. వాకిట్లో హమాలీలు, లోపల ఆడవాళ్లు, అందరూ చూస్తున్నారు. కోపంతో నా ఒళ్లంతా మండుతోంది. మజ్జిగ ఒలికింది. నా మణికట్టు మీద నుంచి కారి చొక్కా తడిసింది. అవ్వ నా వైపు అదోలా చూసి, కళ్లు తుడుచుకుని లోపలికి పోయింది.

"ఇంకేం సెప్తావప్పా. తాళం ఆడ పెట్టి పో" అన్నాడు సావుకారు.

గోరుచుట్టు మీద రోకటి పోటు, ఆ లోటా కథ ఊరంతా పాకింది. ఏ మిల్లులో అడిగినా ముందు నా చేతుల వైపు చూసేవాళ్లు. ఆదోనిలో ఇక స్టీరింగు దొరకలేదు. మళ్లీ ఎమ్మిగనూరు బస్సెక్కాను. మా నాన్న నా మగ్గం మీద దుమ్ము దులిపి పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ రోజు నుంచి వెంట్రుకంత సన్నని పోగులు తెగితే అతికింది ఈ చేతులే. ఒక్క పోగూ తప్పిపోలేదు. చూడటానికి ఆదోని నుంచి ఎవరూ రాలేదు.

చాలా ఏళ్లకు దుప్పట్లు అమ్మడానికి బళ్ళారి పోయినప్పుడు ఒక టైర్ల దుకాణం ముందు ఆగాను. చక్రాన్ని మిషను మీద గిర్రున తిప్పి, బరువు తక్కువైన వైపు అంచుకు చిన్న సీసం ముక్క సుత్తితో కొడుతున్నారు. ఎందుకని అడిగాను. ఇది లేకపోతే అరవై దాటాక స్టీరింగు ఆడుతుందన్నాడు ఆ పనివాడు. అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. అల్లుడు తొందరపడి ఈ పని చేయించకుండా వచ్చి ఉంటాడని, వాడే నా నోటి కాడి కూడు తీశాడని నిశ్చయించుకున్నాను. రోజూ నాడె విసురుతూ వాణ్ణి తిట్టుకున్నాను. తిట్టుకోవడానికి ఒక మనిషి ఉండటం కూడా సుఖమే.

ఆ సుఖమూ పోయింది. ఒక గురువారం మంత్రాలయంలో తుంగభద్ర మెట్ల మీద అవ్వ కనపడింది. బాగా వంగిపోయింది. నన్ను గుర్తుపట్టి పక్కన కూచోబెట్టుకుంది. ఇన్నేళ్లూ కడుపులో దాచుకున్న మాట ఒకటుంది, ఇక చెప్పినా భయం లేదని మొదలుపెట్టింది.

"ఆ యేడు నువ్వు పండక్కి ఊరికి పోయినావు సూడు. నేను సక్రాలకు పసుపు పూస్తాంటే, ముందర రెండిట్ల అంచుకూ సీసం ముద్దలు కొట్టి పెట్టినారప్పా ఎవరో. మాకు గిట్టనోళ్లు చేతబడి చేపిచ్చినారని తెలిసిపాయ. పట్టకారుతో పీకి కొంగున కట్టుకున్నా. నువ్వే కదా నన్ను ఈడికి తోలుకొచ్చినావు. ఆ పొద్దే ఏట్లో ఏసినా. బయటికి సెప్తే మళ్లీ తగులుకుంటుందని కొడుక్కి గూడా సెప్పలే."

ఆ రోజు వణికే స్టీరింగు నా చేతుల్లో ఉంది, దాని మందు వెనక సీట్లో ఆమె కొంగున ఉంది. దాన్ని పారేయడానికి నేనే ఆమెను ఏటి దాకా మోసుకొచ్చాను. నా బతుకును నీళ్లలో వేసినావు కదవ్వా అని అరవాలనిపించింది. సావుకారును తిట్టగలను, అల్లుణ్ణి తిట్టగలను. నాకు అన్నం పెట్టిన ఈమెను ఏమని తిట్టేది? ఆమె ముఖంలో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు.

"ఆ పాపిష్టిది నీకే తగిలి నీ చేతులు అట్ల వణుకుతాంటే నా పానం కొట్టుకునింది. ఇప్పుడు బాగుండావా నాయనా? యాదీ, చేతులు సూపిచ్చు."

చాపాను. రెండు చేతులూ వణుకుతున్నాయి.

"ఇంకా పోలేదప్పా నీకు" అని ఆమె నిట్టూర్చింది. మెల్లగా లేచి, నా మణికట్టు పట్టుకుని మెట్లు దింపి, ఏట్లో చేతులు కడుక్కోమంది. ఆ సీసం పడిన చోటనే, ఆమె చెప్పినట్టు కడుక్కున్నాను.