పట్టు సీట్ల బస్సులో హిందూపురం నుంచి ధర్మవరం దాకా

జేబులోంచి పైసా తీయనక్కర్లేని ప్రయాణమంటే నాకు చెడ్డ ఆశ. ఆ మార్చి నెలాఖరులో హిందూపురంలోని అత్తగారింటికి వెళ్లినప్పుడు నా పథకం చాలా చిన్నది. పొద్దున ప్యాసింజర్ ఎక్కి పెనుకొండలో దిగి కోట చూడాలి, మధ్యాహ్నానికి ధర్మవరం చేరి మా ఆవిడ చెప్పిన రంగులో ఒక పట్టుచీర కొనాలి. రైలు టికెట్టు రెండు కాఫీల ఖరీదు కూడా ఉండేది కాదు ఆ రోజుల్లో. అయినా మా బామ్మర్ది ఓబులేసు, "రైలెందుకు బావా, నా కొత్త బస్సు ధర్మవరానికే పోతాండాది, రా" అనేసరికి ఆ రెండు కాఫీలు కూడా మిగిలాయని సంబరపడ్డాను.

ఓబులేసుది బస్సులకు బాడీ కట్టే షెడ్డు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ధర్మవరంలో టౌన్ బస్సులు తిప్పడానికి ప్రభుత్వ సొమ్ము వస్తే, మొదటి బస్సు కట్టే పని ఇతనికి దొరికింది. సర్కారు సొమ్ము కాబట్టి ఒక షరతు పెట్టారు. ఇంజిన్, చాసిస్ ఎక్కడివైనా సరే, మీద కట్టే బాడీ విలువలో మూడింట రెండొంతులు మన జిల్లాలో తయారైనదే ఉండాలి. జిల్లా కోసం వచ్చిన డబ్బు జిల్లా చేతుల్లోనే తిరగాలన్నది ఉద్దేశం, దాన్ని తప్పు పట్టలేం. కాకపోతే బస్సుకు కావలసిన అద్దాలు, రెక్సిన్, ఫోము, రబ్బరు ఏవీ మన దగ్గర తయారు కావు. మన దగ్గర పుష్కలంగా ఉండేవి వేరుశనగ, బెల్లం, మిరపకాయలు, పట్టుచీరలు. మొదటి మూడింటినీ బస్సుకు బిగించడం కుదరదు.

ఇనుప పని, వెల్డింగు, రంగు అన్నీ కలిపినా లెక్క సగం దగ్గరే ఆగిపోయిందట. అప్పుడు మావాడికి బుర్ర పనిచేసింది. షరతు విలువ గురించే గానీ బరువు గురించి కాదు గదా. ధర్మవరం నుంచి వంకాయరంగు పట్టు తెప్పించి, రెక్సిన్ సీట్లన్నిటి మీదా తొడిగించాడు. జరీ అంచు సరిగ్గా ప్రయాణికుడి వీపు తగిలే చోటికి వచ్చింది. షెడ్డులో ఆ బస్సు తలుపు తీసి లోపలికి చూసినప్పుడు పొరపాటున పెళ్లివారింటికి వచ్చానేమో అనిపించింది.

నవ్వబోయి ఆగాను. ఈ బస్సు తనిఖీలో నెగ్గితే ఇంకో నాలుగు బస్సుల పని వస్తుంది. నెగ్గకపోతే నెలాఖరుకు సొమ్ము వెనక్కి పోతుంది, బస్సు ఓబులేసు నెత్తిన మిగులుతుంది. ఇక షెడ్డుకు తాళం వేసి బెంగుళూరులో ఎవరి దగ్గరో వెల్డింగు పనికి చేరాల్సిందే. ఆ సంగతి మా ఆవిడే చెప్పింది. ఆఫీసరు ముందు నోరు తెరవొద్దని నాకు గట్టిగా చెప్పి పంపింది కూడా. తమ్ముడి మీద ఆమెకున్న ప్రేమ సరే, నా నోటి మీద నమ్మకం ఎంతో అప్పుడు తెలిసింది.

బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ తిని ఎనిమిదింటికి బయలుదేరాం. డ్రైవరు మస్తాన్, ఓబులేసు, నేను, ముగ్గురమే. సోమందేపల్లి మీదుగా పెనుకొండకు గంటకు పైగా పట్టింది. కొత్త బండి కాబట్టి దర్గా దగ్గర ఆపి దండం పెట్టుకుని వస్తానని మస్తాన్ దిగాడు. ఆ సందులో నేను విజయనగర రాజుల నాటి గగన్ మహల్ చుట్టి వచ్చాను. కొండ ఎక్కాలనుకునేవాళ్లు మాత్రం ఎండ ముదరకముందే ఎక్కండి, పైన నీళ్లు దొరకవు. నేను నాలుగు బండలు ఎక్కి, కోటను కింద నుంచి చూస్తేనే గొప్పగా ఉంటుందని నిర్ణయించుకుని దిగిపోయాను.

పెనుకొండ నుంచి పెద్ద రోడ్డు మీద చెన్నేకొత్తపల్లి దాకా వెళ్లి అక్కడ ధర్మవరం దారి పట్టాలి. చెన్నేకొత్తపల్లిలో ఇద్దరు ఆడవాళ్లు టమాటా గంపలతో చెయ్యెత్తారు. ఇది సర్వీసు బస్సు కాదని మస్తాన్ చెప్పబోతే, పాపం ఎండలో ఉన్నారు ఎక్కించుకోమన్నాడు ఓబులేసు. ఎక్కారు, లోపలికి చూశారు, చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నారు. బస్సంతా ఖాళీగా ఉన్నా ధర్మవరం దాకా కడ్డీ పట్టుకుని నిలబడే వచ్చారు. "సూడు బావా, నా బండంటే ఎంత మర్యాదో" అని మావాడు పొంగిపోయాడు. నిజానికి ఓబులేసు కూడా హిందూపురం నుంచి నిలబడే వస్తున్నాడు. నేనేమో ఇంజిన్ బానెట్ మీద కూర్చుని, అది పెనంలా కాలుతున్నా, ఇక్కడైతే దారి బాగా కనిపిస్తుందని నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను. పట్టు సీట్లో కూర్చోవాలని మా ఇద్దరిలో ఒక్కరికీ ఎందుకు తోచలేదో అప్పుడే ఆలోచించి ఉండాల్సింది.

ధర్మవరంలో మధ్యాహ్నం భోంచేసి, తనిఖీ జరిగే ఆవరణకు వెళ్లాం. జిల్లా కేంద్రం నుంచి వచ్చిన ఇంజనీరు నెమ్మదైన మనిషి. బిల్లులు చూసి, పట్టును రెండు వేళ్లతో నలిపి చూసి, లెక్క కట్టి, మూడింట రెండొంతులు దాటిందన్నాడు. ఓబులేసు ముఖం వెలిగిపోయింది. అప్పుడు ఆయన రెండో పరీక్ష చెప్పాడు. సీట్లన్నిట్లో మనుషులు కూర్చోవాలి, బస్సు ఊరు చుట్టి రావాలి.

అదెంత పని అనుకున్నాం. ఆవరణ వెనకే మగ్గాల వీధి. ఓబులేసు పిలవగానే కొత్త బస్సు చూడ్డానికి జనం బిలబిలా వచ్చేశారు. అందరూ ఫుట్‌బోర్డు దగ్గరే చెప్పులు విడిచారు. ఎక్కినవాళ్లు ఎక్కినట్టే నడవలో నిలబడ్డారు. కొందరు వంగి వేలి వెనక భాగంతో జరీని తాకి చూశారు. ఒకాయన అంచు నేత బాగుందన్నాడు, ఇంకొకాయన కాదన్నాడు, అది తగువు దాకా వెళ్లింది. నడవలో ఊపిరాడడం లేదు, సీట్లన్నీ ఖాళీ. ఓబులేసు బతిమాలాడు, కోప్పడ్డాడు, చివరికి ఒకతని భుజాలు పట్టి కూర్చోబెట్టబోయాడు. అతను మోకాళ్లు బిగదీసుకుని, ఇంట్లో తెలిస్తే కూడు పెట్టరని మొత్తుకున్నాడు.

"మీరన్నా కూకోండి సార్" అని ఓబులేసు ఇంజనీరును అడిగాడు. ఆయన సీటు వంక చూశాడు, తన ప్యాంటు వంక చూసుకున్నాడు, డ్యూటీలో ఉన్నప్పుడు నిలబడే చూడాలన్నాడు. సాయంత్రం రైలుకు తాను వెళ్లిపోవాలని, సీట్లు నిండకపోతే పరీక్ష జరగలేదనే రాయాల్సి వస్తుందని కూడా అన్నాడు. మావాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. మా ఆవిడ మాట గుర్తొచ్చి నేను నోరు తెరవలేదు గానీ, తెరిచినా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

గుమిగూడినవాళ్లలో సంజమ్మ అనే అవ్వ ఉంది. ఏళ్ల తరబడి మగ్గం మీదే బతికిన మనిషని పక్కవాళ్లు చెప్పారు. ఓబులేసు ఆమె ముందు దాదాపు ఏడుపు గొంతుతో, కూర్చుంటే అరిగిపోతుందా అవ్వా అని అడిగాడు.

"అరిగేదానికి గాదప్పా," అంది అవ్వ. "పట్టు మీద ముడ్డి పెట్టి కూచునేది యాడన్నా ఉండాదా? దేవుని పెండ్లిలో నెత్తి పైన ఎత్తి పట్టుకుంటారు, అది సూసినాం గానీ."

ఓబులేసు ఒక్క క్షణం ఆమెను, తర్వాత బస్సు టాపును చూశాడు. ఆ వెంటనే మస్తాన్‌ను టూల్‌బాక్సు తెమ్మన్నాడు. సీట్ల మేకులు పీకితే పట్టు చిరుగుతుందేమోనని అందరూ ఒకరినొకరు కసురుకుంటూ, పసిబిడ్డకు చొక్కా విప్పినంత జాగ్రత్తగా తీశారు. నలుగురు చేతులెత్తి పట్టుకుంటే ఓబులేసు టాపుకు లోపలి వైపు బిగించుకుంటూ పోయాడు. నేనూ ఒక కొస పట్టుకున్నాను. చేతులు పడిపోయాయి గానీ వదల్లేదు. ఇంజనీరు గడియారం చూసుకుంటూనే, కాస్త వదులుగా ఉన్న చోటు వేలితో చూపించాడు. పని అయ్యాక ఓబులేసు భయపడుతూ, ఇది లెక్కలోకి వస్తుందా సార్ అని అడిగితే, బండికి గట్టిగా బిగించి ఉండాలనే షరతులో ఉంది, ఎక్కడన్నది లేదు అన్నాడు. అని, మొదటి రెక్సిన్ సీట్లో తనే కూర్చున్నాడు.

అంతే, ఒక్క నిమిషంలో బస్సు నిండిపోయింది. ఊరు చుట్టి వస్తున్నంతసేపూ ఒక్కరూ కిటికీలోంచి చూడలేదు. అందరూ తలలెత్తి పైకే చూస్తున్నారు. గుంతల్లో బస్సు ఎగిరినప్పుడు మెడలు పట్టేసినా చూపు దించలేదు. తిరిగి ఆవరణకు వచ్చాక ఇంజనీరు సంతకం పెట్టి, రైలు అందుకోవడానికి పరుగున వెళ్లిపోయాడు. ఓబులేసు నన్ను వాటేసుకుని వదల్లేదు. షెడ్డు నిలబడింది. నాకూ కళ్లు చెమర్చాయి, దాచుకోవడానికేం లేదు.

జనమంతా దిగారు, సంజమ్మ అవ్వ దిగలేదు. పైకి చూస్తూనే ఓబులేసును అడిగింది. "పెండ్లయి ఈ ఊరికొచ్చినప్పట్నించి నేస్తానే ఉండా. ఒగటన్నా ఇంట్లో పెట్టుకోలే, అన్నీ అంగిడికే పాయె. ఈ బస్సు రోజూ తిరుగుతాదంటివే. టికెట్టు కొంటే సాలా, ఎవురన్నా కూచోవచ్చా?"

ఓబులేసు తల ఊపి, మస్తాన్‌కు చెయ్యి చూపించాడు. బస్సు ఆ ఒక్క ప్రయాణికురాలితో మళ్లీ ఊరు చుట్టడానికి బయలుదేరింది.

ఆ షరతు గురించి విన్నవాళ్లంతా నవ్వుతారు, నేనూ నవ్వాను. బస్సుకు పట్టేమిటని ఇప్పటికీ అడుగుతారు. కానీ జిల్లా డబ్బు జిల్లా చేతులకు చేరాలని రాసినవాళ్లకు కూడా, ఆ చేతులు నేసిన గుడ్డ ఆ చేతులదే కాకుండా పోతోందన్న సంగతి తట్టి ఉండదు. నేను చాలా గుళ్లూ కోటలూ తిరిగాను. ఆ సాయంత్రం ఖాళీ బస్సులో తలెత్తి కూర్చున్న ఆ ముసలామె ముఖం చూసినంత తృప్తి వాటిల్లో ఏదీ ఇవ్వలేదు.

ధర్మవరం వెళ్లి చీర కొనేవాళ్లకు ఒక్క మాట. పెద్ద అంగళ్లలో కాకుండా మగ్గం ఉన్న ఇంటికి వెళ్లండి. డబ్బిచ్చే ముందు ఆ చీరను నేసిన ఆమె భుజం మీద ఒకసారి వేసి చూపించమని అడగండి. రంగు ఎలా ఉంటుందో మీకు బాగా తెలుస్తుంది. తొందరపెట్టకుండా కాసేపు అలాగే ఉండనివ్వండి.