మెలకువగా ఉన్నదాన్ని అడగండి

పలాస నుంచి వచ్చే మొదటి బస్సు టెక్కలిలో మా వీధి మలుపు దగ్గర ఆగింది. కండక్టరు దిగి మా గుమ్మం దాకా వచ్చాడు. "మీ అత్త పోనాదండి, తెల్లారగట్ల" అన్నాడు. నాలుగు రోజుల జ్వరమట. ఆవిడ మా మేనమామ భార్య. మావ ఆ బస్సుకే డ్రైవరు. ఆవేళ స్టీరింగు దగ్గర మరొకడు కూర్చున్నాడు.

నా కరపత్రాలు చదివి నన్ను తిట్టుకునేవాళ్లు ఈ జిల్లాలో తక్కువేం కాదు. ఈసారి కాస్త ఓపిక పట్టండి. ఇది గురక గురించి.

మనవాళ్లకి గురక ఒక వైభవం. మగాడు ఇల్లదిరేలా గురక పెడితే "ఎంత సుఖంగా పడుకున్నాడో" అని మురిసిపోతారు. ఆడది పెడితే ఛీ అంటారు. గురక పెట్టే హక్కు ఒకరికి, వినే బాధ్యత మరొకరికి! ఈ ఏర్పాటు ఎవరు చేశారో నన్నడక్కండి, జవాబు మీకూ తెలుసు.

మా మావ గురక పలాస పక్కనే కాశీబుగ్గలో వాళ్ల వీధంతటికీ పరిచయం. మెడా భుజాలూ ఒకటైపోయిన భారీ మనిషి. మధ్యాహ్నం ట్రిప్పుల మధ్య ఇంటికొచ్చి, తిని, అరుగు మీద వెల్లకిలా పడేవాడు. అత్త పక్కనే, జీడి అంటకుండా చేతులకి బూడిద రాసుకుని, చెక్కతో జీడిపిక్కలు కొడుతూ కూర్చునేది. టక్కు టక్కుమని ఆ చప్పుడు సాగుతూనే ఉండేది. ఉన్నట్టుండి ఆగేది. ఏమిటా అని చూస్తే మావ గురకా ఆగిపోయి ఉండేది. ఆవిడ చెక్క గాల్లోనే పట్టుకుని చూసేది. మావ ఉలిక్కిపడ్డట్టు ఒక్కసారి గాలి పీల్చేవాడు. అప్పుడు మళ్లీ టక్కు టక్కు. నేను చూశాను గానీ ఏమీ అర్థం చేసుకోలేదు. నాకు అప్పట్లో ప్రపంచాన్ని మార్చే పనులు చాలా ఉండేవి.

ఒకరోజు నందిగాం దాటాక బస్సు రోడ్డు దిగి జీడితోటలోకి పోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మావ స్టీరింగు మీద కునుకు తీశాడు. తాగి నడిపాడని యజమాని పని మాన్పించేశాడు. నాకు మండిపోయింది. కార్మికుణ్ణి నిద్రకి కూడా దూరం చేసిన దోపిడీ అంటూ రాత్రికి రాత్రే కరపత్రం రాసి, మర్నాడు పొద్దున్నే అత్తకి చదివి వినిపించాను. ఆవిడ పిక్కలు కొడుతూనే అంతా వింది.

"కాయితం బాగుంది అల్లుడూ. మరి మీ మావ రోజూ పది గంటలు పడుకుంతాడు. అయినా లెగిసేసరికి మూటలు మోసినోడిలాగుంతాడు. ఆడి గొంతుకలో కూకుని పీక నొక్కేది యజమానేటి?"

కరపత్రం జేబులో పెట్టుకుని, ఇద్దర్నీ విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకువెళ్లాను. ఒక కుర్ర డాక్టరు మావని అడిగాడు: "నిద్ర బాగా పడుతుందా?"

"సుబ్బరంగా పడతాది బాబూ! తల ఆనిత్తే సాలు."

డాక్టరు బలానికి టానిక్కు రాయబోయాడు. అత్త బల్ల మీద చెయ్యి వేసింది.

"పడుకున్నోణ్ణి అడుగుతావేటి బాబూ? మెలకువున్నదాన్ని, నన్నడుగు."

అడగకుండానే చేసి చూపించింది. గురక పెట్టింది. ఆపేసింది. వరండాలో నర్సులు నవ్వబోయి, ఆవిడ ముఖం కందిపోవడం చూసి నోళ్లు మూసుకున్నారు. అప్పుడు పెద్దగా గాలి పీల్చింది. డాక్టరు కలం కింద పెట్టేశాడు.

పుస్తకంలో చదివాను గానీ ఇలా చూడ్డం ఇదే మొదలన్నాడు. గురకలన్నీ జబ్బు కావట, మధ్యలో ఊపిరి ఆగే గురకే ప్రమాదమట. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారుతుంది, మెడలో కొవ్వు దారిని ఇరుకు చేస్తుంది, గాలి ఆగుతుంది. ప్రాణం భయపడి మనిషిని సగం లేపుతుంది, అదేమీ మనిషికి గుర్తుండదు. రోజంతా తూగుతాడు. ఒళ్లు తగ్గాలి, కల్లు మానాలి, నిద్రమాత్రలు ముట్టకూడదు, మంచం తలవైపు ఎత్తు పెట్టాలి, పక్కకి తిరిగి పడుకోవాలి. అప్పటిదాకా బస్సు తోలకూడదు. ఏదీ పని చెయ్యకపోతే గాలి ఆడ్డానికి గొంతు కింద కన్నం పెట్టాలి.

"కన్నమేటి!" అని మావ లేచి నిలబడ్డాడు.

"కూకో. నానుండగా నీకు కన్నమెవుడెడతాడు?" అంది అత్త.

పక్కకి తిరిగి పడుకొమ్మంటే సరా? నిద్రలో మనిషి ఎవరి మాట వింటాడు? మా ఉద్దానం ప్రాంతంలో ఏ కొబ్బరిచెట్టు కిందైనా రాలిన పిందెలకి కొదవలేదు. అత్త మూడు ఎండు పిందెలు ఏరి, మావ బనీనుకి వీపున సంచి కుట్టి అందులో పెట్టేసింది. వెల్లకిలా తిరిగితే గుచ్చుకుంటాయి, పక్కకి ఒత్తిగిలుతాడు.

"బస్సుకి బ్రేకేసినావే!" అన్నాడు మావ.

"బస్సుకి కాదు, నీకు."

రాత్రిపూట అన్నం తగ్గించింది. పొద్దున్నే అక్కుపల్లి దారిన నడిపించింది, తనూ వెంట నడిచింది. ఏడాది తిరిగేసరికి మావకి మెడ కనిపించింది. యజమాని వారం రోజులు ఇంజను పెట్టె పక్కన కూర్చుని మావ కనురెప్పలకేసి చూశాడు. అవి వాలలేదు. పని తిరిగి వచ్చింది. నా కరపత్రం జేబులోనే చిరిగిపోయింది. అందుకు నాకు విచారం లేదు. నేను పిడికిలి బిగించి సాధించలేనిది, ఆవిడ చెవి ఒగ్గి సాధించింది.

అత్త పోయిన పదోనాటికి కాశీబుగ్గ వెళ్లాను. నా నోరు ఊరుకోదు కదా! "ఇన్నాళ్లూ నీ ఊపిరి ఆవిడ విన్నది. మరి ఆవిడ ఎలా నిద్రపోయేదో నీకు తెలుసా మావా?" అని దెబ్బలాటకి దిగినట్టే అడిగాను.

"ముందు తెలీదురా. నాను పడుకున్నాక పడుకునీది, నాను లెగకముందే లెగిసీది. నా గురక తగ్గినాక ఓ తెల్లారగట్ల మెలకువొచ్చి ఇన్నాను. మీ అత్తా గురకెడతాది. సిన్నది, పిల్లి గురక. ఎక్కడా ఆగలేదు. లేపబుద్ది కాక అలాగే ఇన్నాను" అన్నాడు. తర్వాత ఎన్ని తెల్లవారుజాములు విన్నాడో చెప్పలేదు. ఆ ముఖంలో తెలుస్తూనే ఉంది.

భోజనాలయ్యాక మావ అరుగు మీద పక్కకి తిరిగి పడుకున్నాడు. వీపు మీది సంచికి కొత్త కుట్టు పడింది, తెల్ల బనీను మీద నల్లదారంతో, వంకరటింకరగా. తనే కుట్టుకున్నాడట. అత్త కూర్చునే చోట నేను కూర్చున్నాను. పిక్కలు కొట్టే చెక్క చేతిలో ఉంది. ఆ మూడు పిందెలూ మెల్లగా పైకి లేస్తున్నాయి, దిగుతున్నాయి, మళ్లీ లేస్తున్నాయి.