నా ముక్కుకు అందని వాసన

ఆ రోజు ఉదయం నేను వెళ్ళేసరికి రాజమల్లు పెద్దనాయన మంచం మీద ముడుచుకుని పడుకుని ఉన్నాడు. మామూలుగా అయితే నేను గుమ్మంలో చెప్పులు విడవకముందే, "వచ్చినవా డాక్టరమ్మా, నా వేళ్ళు లెక్కవెట్టు, నిన్నటన్నే ఉన్నయా" అని ఆటపట్టించేవాడు. ఆ రోజు మాట లేదు. ఒళ్ళంతా చెమట, నోట్లోంచి చొంగ. పొద్దుటి నుంచి రెండుసార్లు వాంతి అయిందని ఆయన భార్య నర్సవ్వ పెద్దమ్మ చెప్పింది.

అప్పటికి నేను జీఎన్ఎం నర్సింగ్ కోర్సు పాసై రెండు నెలలు. సోలాపూర్‌లో ఇళ్ళకు నర్సులను పంపే ఒక ఏజెన్సీలో చేరాక నాకిచ్చిన మొదటి పేషెంట్ ఆయన. సొంత చుట్టం కాదు, మాలాగే మహారాష్ట్రలో స్థిరపడిన తెలుగువాళ్ళు కాబట్టి ఆ పిలుపు. పవర్‌లూమ్ మీద టవళ్ళు నేసే మనిషి. షుగర్ వల్ల కుడికాలి చిటికెన వేలు కుళ్ళిపోతే ఆసుపత్రిలో తీసేసి ఇంటికి పంపారు. వాళ్ళ ఇల్లు కుంఠా నాకా దగ్గర, మాది నీలం నగర్. రోజూ ఉదయం వెళ్ళి డ్రెస్సింగ్ చేయడం, షుగర్ చూడడం నా పని. మన భాష, మన ఇళ్ళు తెలిసిన పిల్ల అని ఏజెన్సీ వాళ్ళు నన్ను కావాలనే పంపారు. నేనూ అదే గొప్ప అనుకున్నాను.

అది ఆరో రోజు. చెమటలు చూసి షుగర్ పడిపోయిందనుకున్నాను. గ్లూకోమీటర్‌లో నూట నలభై రెండు. నమ్మకం కుదరక ఇంకో వేలికి గుచ్చాను, ఇంచుమించు అంతే. పల్స్ చూస్తే యాభై దాటడం లేదు. మూడేళ్ళు చదివింది ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. మందులేమైనా మార్చారా అని పెద్దమ్మను అడిగాను. ఏం మార్చలేదు, నువ్వు చెప్పినట్టే ఇస్తున్నానంది. ఆమె అబద్ధం చెప్పలేదు. ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్ళాం.

క్యాజువాల్టీలో ఈసీజీ తీశారు, సెలైన్ ఎక్కించారు. డ్యూటీ డాక్టరు మరాఠీ ఆవిడ, నా కంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. కాలి కట్టు విప్పగానే ముఖం వెనక్కి తీసుకుని నన్ను చూసింది.

"సిస్టర్, జఖమేలా తంబాఖూచా వాస్ యేతోయ్," అంది.

గాయం తంబాకు వాసన కొడుతోందట. నేను వంగాను. నాకు ఏ వాసనా రాలేదు. ఇంకా దగ్గరగా ముక్కు పెట్టినా మందు వాసన తప్ప ఏమీ లేదు. ఆవిడ ఫోర్సెప్స్‌తో గాయంలోంచి నల్లటి ముద్ద తీసి నా ముందు పెట్టింది. మా అమ్మ రోజూ చేటలో పోసుకుని బీడీల్లో కూరే తంబాకు పొడి అది. నికోటిన్ పాయిజనింగ్, పచ్చి గాయం గుండా రక్తంలోకి వెళ్ళిపోయింది అని చెప్పింది. గాయం కడుగుతూనే, రోజూ కట్టు విప్పింది మీరే కదా, మీకు తెలియలేదా అని అడిగింది.

రోజూ విప్పింది నేనే. గోధుమ రంగు తడి చూసి "బ్రౌన్ డిశ్చార్జ్" అని కాగితం మీద రాసిందీ నేనే. నేను టేప్ అంటించి వచ్చిన కట్టుకు మర్నాడు ముడి కనిపిస్తే, ఊడిపోయి మళ్ళీ కట్టుకున్నారులే అనుకున్నదీ నేనే. నర్సవ్వ పెద్దమ్మ ఇంట్లో కూర్చుని బీడీలు చుడుతుంది. మా అమ్మా చుడుతుంది. నేను పుట్టి పెరిగిందే ఆ వాసనలో. నీ బట్టలు తంబాకు వాసన వస్తాయని హాస్టల్లో పక్కమంచం అమ్మాయి అంటే కొట్లాడాను కూడా. ఆ ఇంటికి ఇంకెవరిని పంపినా మొదటి రోజే పట్టేసేవారు.

పెద్దమ్మ బయట బెంచీ మీద ఉంది. అడిగితే ఏమీ దాచలేదు.

"నెత్తురు కారుతుండె బిడ్డా, రోజు జరంత అద్దిన. ఇయ్యాల బాగ కారింది, బాగ వెట్టిన. మన ఇండ్లల్ల దెబ్బ తాకితె పెట్టేదే గద."

నేను అడిగింది మందుల గురించి. ఆమె లెక్కలో తంబాకు మందు కాదు, చెప్పుకోవాల్సిన సంగతి అసలే కాదు. కబురు అంది వచ్చిన వాళ్ళ కొడుకు అందరి ముందూ తల్లి మీద లేచాడు. నేను అడ్డుపడి, రోజూ కళ్ళతో చూసి కూడా అడగలేదు, తప్పు నాది అన్నాను. అంటుంటే ఏడుపొచ్చేసింది. ఆయన కోసమే ఏడ్చానని రాస్తే అబద్ధం. ఉద్యోగం పోతుందన్న భయమూ ఉంది.

సాయంత్రానికి పల్స్ కుదురుకుంది. ప్రాణం దక్కింది. కానీ గాయం చెడిపోయి, నాలుగో రోజు పక్క వేలు కూడా తీసేశారు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం మా అమ్మ తునికాకు కత్తిరిస్తూ వేలు కోసుకుంది. నాతో మాట్లాడుతూనే రెండో చెయ్యి చేటలో పెట్టి, చిటికెడు తంబాకు తీసి వేలి మీద నొక్కుకుని, మళ్ళీ కత్తెర పట్టుకుంది. నా చిన్నప్పుడు నా మోకాళ్ళ మీదా అట్లాగే నొక్కేది. ఇన్నేళ్ళూ నా కళ్ళ ముందే జరుగుతున్నా నేను గమనించడం అదే మొదటిసారి.

డిశ్చార్జి అప్పుడు ఏజెన్సీ వాళ్ళు వేరే నర్సును పంపుతామన్నారు. పెద్దనాయన ఒప్పుకోలేదు.

"ఆ పిల్లనే తోలుండ్రి. కొత్తామెకు మల్ల మొదటికెల్లి నేర్పాలె," అన్నాడు.

ఏడాది దాటింది. ఆయన మెత్తటి చెప్పులు వేసుకుని నాకా దాకా నడిచి చాయ్ తాగి వస్తాడు. కార్ఖానాకు మాత్రం పోలేడు, గంటలకొద్దీ నిలబడడానికి ఆ కాలు సహకరించదు. నన్ను చూస్తే ఇప్పటికీ వేళ్ళు లెక్కపెట్టమంటాడు. నవ్వుతూనే మొదలుపెడతాను. ఎనిమిది దగ్గర లెక్క ఆగిపోతుంది.

కొత్తగా ఇళ్ళకు వెళ్ళే నర్సులకు ఒక్కటే చెబుతాను. మందులు మార్చారా అని అడిగి ఊరుకోకండి. కట్టు విప్పకముందే, కోప్పడకుండా, "మీ ఇంట్ల దెబ్బ తాకితె ఏం పెడతరు" అని అడగండి. మనవాళ్ళ ఇల్లయితే రెండుసార్లు అడగండి. అంతకంటే ముందు, ఇంట్లో మీ అమ్మను ఇదే మాట అడిగి బయల్దేరండి.