వదినె గదికి వద్దన్న గాలి

ఒకే మిషను వేసవిలో చల్లగాలిని, చలికాలంలో వెచ్చటి గాలిని ఇస్తుందన్న సంగతి నాకు మొదట మోసుకొచ్చింది మా ఇంటికి పూలు తెచ్చే ఆమె. మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్ ఊరి నుంచి షేర్ ఆటోలో వచ్చి, పూజకు చామంతులు ఇచ్చి, అటునుంచి అటే ఒక ఫారంహౌస్‌లో ఊడ్చి తుడిచే పనికి పోయేది.

"ఏసీ అంటె సల్లగనే ఉంటదనుకున్నమ్మా. నిన్న చేతులు కొంకర్లు పోతుంటె దాని కింద నిలవడ్డ. పెండ్లైన కొత్తల మా ఇంటాయన గూడ నన్ను గంత వెచ్చగ చూసుకోలే" అంది. మా వదినె బియ్యం చెరుగుతూ చాట పక్కన పెట్టి మరీ నవ్వింది.

మేం అప్పుడు మొయినాబాద్ శివారులో ఇల్లు కట్టుకుంటున్నాం. అప్పటిదాకా ఉన్నదీ, కిరాణా దుకాణమూ చేవెళ్ళలోనే. ఇంట్లో మా ఆయన, నేను, ఇద్దరు పిల్లలు, మా ఆయన అక్క, అంటే మా వదినె. చిన్న వయసులోనే భర్త పోయి ఆమె పుట్టింటికి వచ్చేసింది. నేను కోడలిగా వచ్చేనాటికి దుకాణంలో పొట్లాలు కట్టేది ఆమే. నేను బడికి పోలేదు. నాకు అక్షరాలు దిద్దించింది ఆమె, ఆ పొట్లాల కాగితాల మీదే. ఒక్కో పాత పేపరు ముక్కను నాతో చదివించి, తర్వాతే అందులో పప్పు పోసేది. తప్పు చదివితే, "పప్పు కోసం మనిషి నిలవడ్డడు పిల్లా, జల్ది చదువు" అనేది. ఈ రోజు ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే ఆ దయవల్లే. దేవుడికి రోజూ దండం పెట్టుకుంటూ ఆ సంగతి కూడా చెప్పుకుంటాను. అలా చెప్పుకుంటూనే నేను చేసిన పని ఇది.

ఏసీ మనిషి ఇంటి నక్షా పట్టుకుని వచ్చాడు. ఇంకా పూర్తికాని హాల్లో సిమెంటు బస్తాల మీద కూర్చున్నాం.

"రెండు తీర్లున్నయ్ మేడమ్" అన్నాడు. "డక్ట్ అంటె సీలింగ్ పైన ఒక్కటే పెద్ద మిషన్. గొట్టాలతోని అన్ని రూములకు గాలి పోతది. స్ప్లిట్ అంటె గోడకు, రూముకొక్కటి. ఇప్పుడే కడుతున్నరు కాబట్టి డక్ట్ వేసుకోండి. తర్వాత కావాలంటె సీలింగంత పలగ్గొట్టాలె."

"పోయిన గాలి మళ్ళ ఎటు పోతది?" అని అడిగాను.

"ఈ హాల్ల గాలి గుంజే జాలీ పెడ్తం. అన్ని రూముల గాలి ఇక్కడికొచ్చి, మిషన్‌ల పడి, మళ్ళ అన్ని రూములకు పోతది."

నాకు ఆ క్షణం గుర్తొచ్చింది వదినె మోకాళ్ళ నూనె. ఆముదంలో వెల్లుల్లి వేసి కాచి, రోజూ రాత్రి పడుకోబోయే ముందు రాసుకుంటుంది. ఆ వాసన మా గదిలోకి, పిల్లల గదిలోకి, చుట్టాలొస్తే వాళ్ళ ముక్కుల్లోకి పోవడం కళ్ళకు కట్టినట్టు కనిపించింది. కానీ నా నోటి నుంచి వచ్చింది వేరే మాట.

"గట్లయితె వద్దు. అందరి గాలి, బాత్రూముల దిక్కు గాలి తీస్కపోయి దేవునర్రల వదుల్తమా?"

"దేవునికి అన్ని గాలులు ఒక్కటే కాదా?" అన్నాడు మా ఆయన. అయినా పూజగది మాట ఎత్తితే ఆయన ఆపైన ఎదురు చెప్పడు. అది నాకు తెలుసు.

గోడలకు పెట్టేవే ఖాయమయ్యాయి. ఎన్ని గదులకని ఏసీ మనిషి నక్షా నా ముందు పెట్టాడు. మా గది, పిల్లల గది, చుట్టాల గది. వదినె గదికి పెడితే బయట పెట్టే డబ్బా పెరట్లో తులసికోట పక్కనే రావాలన్నాడు. దాని గాలి తులసి మీద కొడుతుంది. నాకు పట్టింది తులసి కాదు, మూసిన గదిలో ఊరి, తలుపు తీసినప్పుడల్లా బయటికొచ్చే ఆ నూనె వాసన. నేను పెన్సిలు తీసుకుని ఆ గది మీద అడ్డంగా గీత గీశాను.

"వదినెకు ఏసీ గాలి పడది" అన్నాను.

ఆమె గడప దగ్గరే నిలబడి ఉంది. ఆమెను ఆ మాట ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. మా ఆయన తలెత్తి అక్క వైపు చూశాడు.

"అవు తమ్మీ, నాకు పడది" అంది ఆమె.

నా అబద్ధానికి ఆమే సాక్ష్యం చెప్పింది. నేను మనసులో హమ్మయ్య అనుకున్నాను. ఇంకా సిగ్గు రాలేదు.

మేం కొత్త ఇంట్లో చేరాక వచ్చిన పుష్యమాసంలో చలి బాగా దిగింది. చుట్టూ ఖాళీ చేలు, వాటి మీది నుంచి గాలి. మా గదుల్లో వేడిగాలి, పిల్లలు దుప్పట్లు తన్నేసి పడుకునేవారు. నేను పొద్దున దీపం పెట్టడానికి పోయేసరికి వదినె అప్పటికే పూజగదిలో ఉండేది. తనే దీపం వెలిగించి, తలుపు దగ్గరికి వేసుకుని, ముందుకు వంగి, చేతులు దీపం దగ్గరగా పెట్టుకుని కూర్చునేది. మధ్యమధ్యలో వెనక వంటింటి పొయ్యి ఉన్న గోడకు వీపు ఆనించేది. నాకు ఎంత సంతోషం వేసిందో. పూలామెతో చెప్పుకున్నాను కూడా, "ఈ నడుమ మా వదినెకు భక్తి మస్తు పెరిగింది" అని.

ఆమె పూలు మూర వేస్తూ వేస్తూ ఆగింది.

"భక్తి కాదమ్మా, సలి. నాకు తెల్వదా, నేను గూడ గట్లనే పొయ్యి కాడ కూసుంట."

లోపలికి పోయాను. వదినె ఇంకా పూజగదిలోనే కూర్చుని ఉంది. ఆమె పాదం పట్టుకుని చూస్తే రాయిలా ఉంది. ఆమె దగ్గర నూనె వాసన లేదు. ఎందుకు మానేశావని అడిగాను.

"వెల్లుల్లి రాసుకొని వస్తె దేవునర్రల కూసోనిస్తవా నువ్వు?" అంది, నవ్వుతూనే.

వెచ్చదనం కోసం మందు మానుకుంది. నేను ఆమె పక్కనే కూర్చున్నాను. దేవుడి ఎదుట నిజం చెప్పాలనుకుని, దేవుడికి కాదు, ఆమెకే చెప్పాను. పూజగది కాదు వదినె, తులసి కాదు, నీ నూనె వాసనకే అట్ల చేసిన అని.

"ఎరుకనే పిల్లా. నువ్వు అబద్ధమాడితె కండ్లు కిందికేస్తవ్. పేపర్ ముక్క తప్పు చదివిన నాటి నుంచి చూస్తున్న." దీపం వత్తి ఎగదోసి, "ఆ వాసన నాకే పడది, నీకెట్ల పడ్తది" అంది.

ఆ రోజే మా ఆయనకూ చెప్పాను. అన్నం సగంలో లేచి పోయాడు. తిట్టినా నాకు ఇంకా తేలికయ్యేది.

తులసికోటను నేనే చుట్టూ తవ్వి, ఇద్దరి సాయంతో ఎండ బాగా వచ్చే మూలకు జరిపించాను. అది ఇప్పుడు మునుపటికంటే గుబురుగా ఉంది. వదినె గదికి మిషను బిగించేసరికి చలి సగం తగ్గిపోయింది. మొదటిసారి వేసినప్పుడు ఆమె, "నువ్వు గూడ కూసో, వాసన కొడ్తదేమో చూస్తవ్" అంది. వాసన కొట్టింది. కూర్చున్నాను. మరునాటి నుంచి ఆ నూనె నేనే రాస్తున్నాను. రాయనిచ్చినందుకు ఆమెకు దండం.

కొత్త ఇల్లు కట్టేవాళ్ళు డక్టా, గోడకు పెట్టేదా అని మమ్మల్ని అడుగుతుంటారు. మా ఆయన చెప్తాడు, నేను లోపలికి పోతాను. చదివే మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. ఈ చలికాలం మీరు వెచ్చగా కూర్చున్నప్పుడు, నాకు అక్షరాలిచ్చిన మా వదినెను ఒక్కసారి తలచుకోండి. ఆమె మోకాళ్ళు బాగుండాలని మీ దేవుడితో చెప్పండి.